ఆగమన కాలంలో ఆరాధన ఫోన్‌లోనే సాగాలా, ఇళ్ల దగ్గర కలుసుకోవాలా?

హన్మకొండ సంఘ సభ్యుడు:
అందరికీ ప్రభువు నామంలో వందనాలు. క్రీస్తు రాకకై ఎదురుచూస్తూ క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు పాటించే ఆగమన కాలం దగ్గరపడింది, ఈ 2020లో దాని మొదటి ఆదివారం నవంబరు 29న వస్తోంది. మార్చి 25న లాక్‌డౌన్ మొదలైన నాటి నుంచి మా సంఘం ఆరాధన ఎక్కువగా ఫోన్‌లోనే నడిచింది. జూన్ 8 నుంచి ప్రార్థనా స్థలాలకు అనుమతి వచ్చి చర్చి తలుపులు తెరిచాం కానీ, 65 ఏళ్లు దాటినవారు, గర్భిణులు, జబ్బులున్నవారు, పదేళ్ల లోపు పిల్లలు ఇంట్లోనే ఉండాలన్న సూచన వల్ల బెంచీకి ఇద్దరే కనిపిస్తున్నారు, గాయక బృందం పాడడం లేదు. ఇప్పుడు సంఘ వ్యవహారాలు చూసే పాస్టరేటు కమిటీలో రెండు అభిప్రాయాలున్నాయి. నాలుగు ఆదివారాలూ, క్రిస్మస్ ఆరాధనా ఫోన్‌లోనే జరపాలని కొందరు అంటున్నారు. వాడకొక ఇంటి ముందు పదిమందికి మించకుండా కూడుకోవాలని మరికొందరు అంటున్నారు. నేను రెండో పక్షాన ఉన్నాను, కారణం చెబుతాను.

పోయిన వారం చర్చికి నాలుగు సందుల అవతల ఒంటరిగా ఉండే ఒక ముసలమ్మను చూడడానికి వెళ్లాను. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్‌ను మనవడు పనికోసం హైదరాబాద్ పోతూ తీసుకెళ్లాడు. ఆమె గూట్లో నుంచి ఒక బిస్కట్ డబ్బా తీసి నా ముందు పెట్టింది. అందులో మార్చి చివరి నుంచి ప్రతి ఆదివారం ఒకటి చొప్పున కానుక కవర్లు వరుసగా పేర్చి ఉన్నాయి, ఒక్కొక్క దాంట్లో ఇరవై రూపాయల నోటు. "గంట మోగుతాంటది బిడ్డా, నాకు ఇనవడుతది. గని నన్ను రావద్దంటిరి" అన్నది. ఎనిమిది నెలలుగా ఆమె ఏ ఆదివారాన్నీ వదల్లేదు. ఆమెను మాత్రం మేము వదిలేశాం. ఫోన్ ఆరాధనలో ఎంతమంది చేరారో ప్రతివారం లెక్క చెప్పుకుంటున్నాం కానీ, చేరలేనివారి లెక్క మా దగ్గర లేదు.

కాజీపేట నర్సు:
అన్నగారూ, ఆ అమ్మ సంగతి చదివి నాకూ కళ్లు చెమర్చాయి. అయినా మీ ప్రతిపాదనను నేను ఒప్పుకోలేను. కోవిడ్ వార్డులో డ్యూటీ చేస్తున్న మనిషిని కాబట్టి కఠినంగా చెబుతున్నందుకు క్షమించండి. ఆరుబయట పదిమంది అని మీరంటున్నారు. డిసెంబరులో మన దగ్గర పొద్దుగూకగానే చలి మొదలవుతుంది, ప్రార్థన సగంలో ఉండగానే ముసలివాళ్లను లోపలికి రమ్మంటారు, వాళ్ల వెనకే అందరూ ముందర గదిలోకి చేరతారు, ఆ ఇంటి అమ్మ చాయ్ పెట్టకుండా ఎవరినీ పంపదు, చాయ్ గ్లాసు చేతికి రాగానే మాస్కు గడ్డం కిందికి దిగుతుంది. కీర్తన ఎత్తుకుంటే తగ్గించి పాడడం మనవాళ్లకు రాదు. ఇదంతా ప్రేమతోనే జరుగుతుంది, జబ్బూ ఆ ప్రేమతోపాటే ఇల్లు మారుతుంది. యోహాను తన రెండో పత్రికలో, రాయవలసినవి చాలా ఉన్నా కాగితంతో, సిరాతో రాయడం ఇష్టం లేదని, వచ్చి ముఖాముఖిగా మాట్లాడాలని ఆశిస్తున్నానని చెప్పాడు. అయినా ఆ కొద్దిపాటి ఉత్తరం రాయడం మానలేదు. ఈ ఏడాదికి మన ఫోన్‌ను ఆ ఉత్తరం అనుకుందాం.

పరకాల ఉపాధ్యాయుడు:
అక్కయ్య చెప్పిన ప్రమాదం నిజమే. కానీ ఇక్కడ మనం ఆరాధనను, సంఘ సంబంధాన్ని ఒకటిగా కలిపేసి వాదించుకుంటున్నామని నాకనిపిస్తోంది. 1912లో అజరయ్య గారు దోర్నకల్ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో ఆ బాధ్యత పొందిన మొదటి భారతీయుడు ఆయనే. ఆయన బిషప్‌గా చూసుకున్న ఆ అధ్యక్ష మండలంలో ఊరూరికీ పాస్టరు లేరు. పల్లెల్లో ఉన్న ఉపాధ్యాయులే సంఘాలను కనిపెట్టుకొని నిలబెట్టారు. పాస్టరు అయ్యగారు రాలేని రోజుల్లో సంఘం ఎలా బతకాలో మన ఉమ్మడి వరంగల్ నేల మీదే ముందుతరం వాళ్లు చేసి చూపించారు, దాన్ని మనం మరచిపోయాం.

ఈ ఆగస్టు వానలకు వరంగల్‌లో లోతట్టు కాలనీలు మునిగినప్పుడు, ఎవరి ఇంట్లోకి నీళ్లు వచ్చాయో వాట్సాప్ గ్రూపు చూసి తెలుసుకున్నామా? బియ్యం సంచులు మోసుకుంటూ తిరిగిన యవ్వనస్థులు చెప్తేనే తెలిసింది. నా సూచన ఇది. ఐదేసి ఇళ్లకు ఒక మనిషిని బాధ్యుణ్ని చేయండి. చిన్న ఫోన్‌లో కూడా నలుగురైదుగురిని కలిపి కాన్ఫరెన్స్ కాల్ మాట్లాడవచ్చు, దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఏ ఫోనూ లేని ఇంటికి ఆ మనిషి పగటిపూట వెళ్లి, వాకిట్లో నిలబడి వాక్యం చదివి రావాలి. చాయ్ వద్దని వారికి ముందే చెప్పాలి.

హన్మకొండ సంఘ సభ్యుడు:
అక్కా, మీ మాటతో ఇంటి ముందు కూటాల ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నాను. ఆ చాయ్ గ్లాసు సంగతి మా ఇంట్లోనూ అచ్చంగా అలాగే జరుగుతుంది. సార్ చెప్పిన పద్ధతి బాగుంది. అయితే క్రీస్తు జ్ఞాపకార్థం రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ప్రభు సంస్కారం మాటేమిటి? రొట్టె ముక్కను ఎవరింట్లో వాళ్లు ఫోన్ ముందు పెట్టుకొని పుచ్చుకోవచ్చని కొన్ని సంఘాల్లో అంటున్నారు. నా మనసు దానికి ఒప్పుకోవడం లేదు. మంచం పట్టినవారికి అయ్యగారే ఇంటికి తీసుకెళ్లి ఇచ్చే ఆచారం మనకు ఉండనే ఉంది.

కాజీపేట నర్సు:
వాకిట్లో నిలబడి చదవడానికి నాకు అభ్యంతరం లేదు, వెళ్లేవారికి దగ్గు, జ్వరం లేకుంటే చాలు. సంస్కారం విషయంలో మాత్రం, రోజుకు ముప్పై ఇళ్లు తిరిగే అయ్యగారి చేతి నుంచి డెబ్బై ఏళ్ల మనిషి నోటికి ఏదీ అందకూడదని నా గట్టి అభిప్రాయం. ఆకలిగా ఎదురుచూడడం కూడా ఈ కాలపు ఆరాధనే కదా.

పరకాల ఉపాధ్యాయుడు:
ఆ ఎదురుచూపు మనం ఎంచుకున్నదైతే ఆరాధనే అక్కయ్యా. ఎనిమిది నెలలుగా ఆ ముసలమ్మ ఎదురుచూపు ఆమె ఎంచుకున్నది కాదు. అయ్యగారు రోజుకు రెండే ఇళ్లకు వెళ్లి, చేతులు కడుక్కొని, రొట్టెను పళ్లెంలో పెట్టి దూరంగా జరిగితే కుదరదా?

హన్మకొండ సంఘ సభ్యుడు:
ఈ రెండు మాటలూ ఆదివారం కమిటీ ముందు పెడతాను, సంస్కారం సంగతి అయ్యగారు తేల్చాలి. ఆ అమ్మ ఇంటికి మాత్రం శనివారం పొద్దున నేనే వెళ్తున్నాను. కానుక కవర్లు తెచ్చి కోశాధికారికి అప్పగించి, రసీదు ఆమె పేరనే రాయిస్తాను. వాకిట్లో నిలబడి యెషయా 40వ అధ్యాయం చదువుతాను. ఆమెకు మాటలు సరిగా వినపడవు, మధ్యలో ఆరడుగుల దూరం ఉంటుంది కాబట్టి వాడంతా వినపడేంత గట్టిగా చదవవలసి వస్తుంది.