లోపలి బ్రేక్ ప్యాడ్ అరిగిపోయింది, బయటిది అలాగే ఉంది. క్యాలిపర్ మార్చాల్సిందేనా?

అందరికీ నమస్కారం. కారు ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు ఇంటి దగ్గరే మారుస్తున్నాను. ఇదే మొదటిసారి. కుడివైపు గంటలో అయిపోయింది, చిక్కంతా ఎడమవైపే.

పాత ప్యాడ్లు తీసి చూస్తే బయటిది ఇంకా 6 మిల్లీమీటర్లుంది, లోపలిది 2 కూడా లేదు. డిస్కు లోపలివైపు గోరు తగిలేంత గాడి పడింది. క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకేసి నొక్కే భాగం) అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్నుల్లో పైది వేలితో నెడితే జారుతోంది. కిందది బిగుసుకుపోయింది. పానా పెట్టి అటూ ఇటూ తిప్పుతూ లాగితే అరగంటకు ఊడొచ్చింది. దాని రబ్బరు బూటు (తొడుగు) చిరిగిపోయి, లోపల గ్రీజు ఎండి నల్లమట్టిలా ఉంది. పిన్ను మీద చిన్న చిన్న గుంటలు కూడా ఉన్నాయి. ప్యాడ్‌ను నెట్టే పిస్టన్ మాత్రం, పాత ప్యాడ్ అడ్డం పెట్టి సీ-క్లాంపుతో నొక్కితే నెమ్మదిగా లోపలికి వెళ్లింది.

నా అనుమానం పిన్ను మీదే. కొత్త పిన్ను, కొత్త బూటు వేసి సిలికాన్ గ్రీజు రాస్తే సరిపోతుందా? పిస్టన్ కూడా పట్టేస్తోందో లేదో ఎలా తేల్చుకోవాలి? తెలిసినాయన ఒకరు క్యాలిపర్ మొత్తం మార్చెయ్యమంటున్నారు. అప్పుడు బ్రేక్ గొట్టం విప్పాలి, లైనులో గాలి తీయాలి. నేనేమో ఒక్కణ్ణే, పెడల్ తొక్కేవాళ్లు లేరు.

ఇంకోటి. కుడివైపు చక్రం బిగించి చేత్తో తిప్పితే ఒక్కచోటే రాసుకుంటోంది. హబ్ (డిస్కు కూర్చునే భాగం) మీద తుప్పు వైర్ బ్రష్‌తో గీకాను గానీ, చక్రం బిగించే స్టడ్ల చుట్టూ సరిగ్గా చేయలేదేమో. డిస్కు విప్పి మళ్లీ గీకమంటారా? కారు ఇంకా స్టాండ్ల మీదే ఉంది.