దోసె పెనం మీద కైమా, చీజ్ శాండ్‌విచ్: కైమా నీళ్లు వదిలేస్తోంది, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

గ్రీమ్స్‌పేట వంటిల్లు:

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు. మా తమ్ముడు న్యూజెర్సీలో ఉంటాడు, పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు ఉన్నన్ని రోజులూ న్యూయార్క్‌లో తిన్న ఒక శాండ్‌విచ్ గురించే చెప్పాడు. పెద్ద ఇనుప పెనం మీద బీఫ్ కైమా, ఎర్రగడ్డలు వేసి, గరిటెతో టకటకా కొట్టి, పైన చీజ్ కరిగించి, పొడుగు బన్నులో కూరి కాగితంలో చుట్టి ఇస్తారంట. చాప్డ్ చీజ్ అంటారంట దాన్ని. వాడు దసరాకు మళ్లీ వస్తున్నాడు, ఈసారి వచ్చినప్పుడు మన ఇంట్లోనే వేడివేడిగా చేసి పెట్టాలని నాకు చాలా ఆశగా ఉంది.

మా ఇంట్లో బీఫ్ వండము, అందుకని మటన్ కైమాతో మూడు ఆదివారాలు చేశాను. మూడు సార్లూ ఒకే కథ. అరకిలో కైమాలో ఉప్పు, కారం, అల్లం తెల్లగడ్డల ముద్ద, కాస్త గరం మసాలా కలిపి అరగంట పక్కన పెట్టి, నాన్‌స్టిక్ పెనం మీద మొత్తం ఒకేసారి వేశాను. రెండు నిమిషాలు కాకముందే పెనం నిండా నీళ్లు! ఆ నీళ్లు ఇంకేసరికి కైమా బూడిద రంగులోకి తిరిగి గట్టిపడిపోయింది, వేపుడు వాసనే లేదు. చెడ్డార్ చీజ్ తురిమి వేస్తే నూనె ఒకపక్కకు తేలి, మిగిలింది రబ్బరులాగా సాగింది. చివరికి బ్రెడ్ అడుగు తడిసి చేతిలోనే విరిగిపోయింది. పిల్లలు చెంచాతో తిన్నారు.

మాంసంలో తప్పా, పెనంలో తప్పా, నా పద్ధతిలోనా? తెలిసినవాళ్లు చెప్పండి.

వేలూరు రోడ్డు పరోటా:

అక్కా, నేను సాయంత్రం పూట పరోటా బండి నడుపుతాను, రోజూ కొత్తు పరోటా కొట్టేవాణ్ని కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. మీ తమ్ముడు చెప్పిన టకటక మా బండి మీద రోజూ వినపడేదే. పరోటా ముక్కలు, గుడ్డు, సాల్నా (పరోటాతో ఇచ్చే పలచటి మసాలా పులుసు) వేసి రెండు గరిటెలతో కొడతాము, వాళ్లు కైమా, చీజ్ వేసి కొడతారు, అంతే తేడా.

తప్పు మొదట పెనంలో ఉంది. నాన్‌స్టిక్ వద్దు, పలచగా ఉంటుంది, మాంసం పడగానే చల్లబడిపోతుంది, పైగా దాన్ని ఖాళీగా బాగా కాల్చకూడదు, పూత పాడవుతుంది. మీ ఇంట్లో పాత ఇనుప దోసె పెనం ఉంటుంది కదా, బరువుగా ఉండేది, అది తీయండి. బాగా కాలనిచ్చి నాలుగు నీళ్ల చుక్కలు చల్లండి. చుక్క ఉన్నచోటే నిలబడి సుయ్‌మంటే ఇంకా చాలలేదు, గోళీల్లాగా ఉరుకుతూ పోతే అప్పుడు కాలినట్టు.

రెండోది, అరకిలో ఒకేసారి వేయొద్దు. మనిషికి వంద గ్రాములు చొప్పున, పెనం మీద ఇద్దరికి సరిపడేంతే వేయండి. నీళ్లు ఉన్నంతసేపు అక్కడ వేడి 100 డిగ్రీలు దాటదు, అది ఉడకడమే. ఎర్రబడి ఆ వాసన రావాలంటే 140 డిగ్రీలైనా దాటాలి. కొంచెం మాంసం, ఎక్కువ వేడి అయితే వచ్చిన నీళ్లు వచ్చినట్టే ఆవిరైపోతాయి.

ఇంకా ముఖ్యమైనది, వేసిన వెంటనే కొట్టొద్దు. ముద్దగా పెట్టి గరిటెతో ఒక్కసారి గట్టిగా అణచి, రెండు నిమిషాలు చెయ్యి పెట్టకుండా వదిలేయండి. అడుగు బాగా ఎర్రబడి పెనాన్ని అదే వదులుతుంది. అప్పుడు తిప్పి, ఎర్రగడ్డలు వేసి, కొట్టడం మొదలుపెట్టండి. ముందే కొడితే ప్రతి ముక్కా నీళ్లు కక్కుతుంది. మా బండి మీద కుర్రాళ్లకు పని నేర్పేటప్పుడు నేను ఎక్కువసార్లు చెప్పే మాట "ఆగు" అనే.

పాత హార్లెమ్ వాసి:

నేను న్యూయార్క్‌లో నాలుగేళ్లు ఉండి ఇప్పుడు తిరుపతికి వచ్చేశాను. పైన పరోటా అన్న చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా తీసేయడానికి లేదు, అక్కడ పెనం ముందు నిలబడి నేను చూసిందీ అదే. చాప్డ్ చీజ్ పెద్ద హోటళ్ల వంట కాదు. వీధి మూలన ఉండే చిన్న అంగళ్లను అక్కడ బొడేగా అంటారు, పాల ప్యాకెట్టు నుంచి సబ్బు వరకు అన్నీ దొరుకుతాయి, వెనకాల ఒక పెనం ఉంటుంది. హార్లెమ్, బ్రాంక్స్ ప్రాంతాల్లో పుట్టింది ఈ శాండ్‌విచ్. ఈస్ట్ హార్లెమ్‌లో 110వ వీధిలో ఉన్న ఒక అంగడి పేరు అందరూ చెప్తారు. ఆ అంగళ్లు చాలావరకు యెమెన్ నుంచి వచ్చినవాళ్లు నడుపుతారు, అందుకే చాలాచోట్ల హలాల్ మాంసమే ఉంటుంది.

ఫిలడెల్ఫియా చీజ్‌స్టేక్ వేరు, అది పలచగా కోసిన మాంసం ముక్కలతో చేస్తారు. దీంట్లో కైమానే. అమెరికన్ చీజ్ స్లైసులు, ఎర్రగడ్డలు, పైన లెట్యూస్, టమోటా, కెచప్, మయోనైజ్. మసాలా అంటే ఉప్పు, మిరియాలు, మహా అయితే ఒక కలగలుపు పొడి చల్లుతారు, అంతకంటే ఏమీ ఉండదు. అక్కా, మీరు అల్లం తెల్లగడ్డల ముద్ద కలిపారు చూడండి, అదీ తడే. ఉప్పు కూడా ముందే కలిపి నానబెడితే మాంసంలోని నీళ్లను బయటికి లాగుతుంది, ముక్కను ముక్కతో అంటించి గట్టి ఉండలాగా చేస్తుంది. కైమా ఉండలకైతే అది మంచిదే, ఉండ విరగదు. దీనికి మాత్రం పొడిపొడిగా రావాలి, కాబట్టి ఉప్పు పెనం మీద పడ్డాకే చల్లండి.

మసాలా మొత్తం మానేయమని నేను అనను. మన నోటికి కారం కావాలి. సన్నగా తరిగిన పచ్చిమిరపకాయ, కాస్త మిరియాల పొడి చాలు, గరం మసాలా వేస్తే అది కైమా కూర అయిపోతుంది, చీజ్ రుచి తెలియదు.

పాల చదువు:

తిరుపతిలోనే డెయిరీ టెక్నాలజీ చదివాను, చీజ్ సంగతి నేను చెప్తాను. అక్కా, చెడ్డార్ విరిగిపోవడంలో మీ తప్పు లేదు. చీజ్ అంటే పాలలోని కేసీన్ అనే ప్రోటీను అల్లిన వల, ఆ వలలో కొవ్వు, నీళ్లు చిక్కుకుని ఉంటాయి. వలను కట్టి ఉంచేది కాల్షియం. పాతబడిన చెడ్డార్‌ను బాగా కాలిన పెనం మీద వేస్తే వల బిగుసుకుని కొవ్వును బయటికి తోసేస్తుంది, మీరు చూసిన నూనె అదే.

ప్రాసెస్డ్ చీజ్ తయారీలో సోడియం సిట్రేట్, ఫాస్ఫేట్ లాంటి లవణాలు కలుపుతారు. అవి కాల్షియాన్ని పట్టేసుకుంటాయి, అప్పుడు కేసీన్ వదులై కొవ్వును, నీళ్లను కలిపి పట్టుకోగలుగుతుంది, అందుకే మీగడలాగా కరుగుతుంది. 1916లో జేమ్స్ క్రాఫ్ట్ అనే ఆయన అమెరికాలో ప్రాసెస్డ్ చీజ్ మీద పేటెంటు తీసుకున్నాడు. మన అంగళ్లలో దొరికే అమూల్ స్లైసులు కూడా ప్రాసెస్డ్ చీజే, ఒక్కోటి 20 గ్రాములు. వంద గ్రాముల కైమాకు రెండు స్లైసులు వేయండి. కైమా వేగాక మంట తగ్గించి, స్లైసులు పరిచి, పెనం అంచున ఒక చెంచా నీళ్లు చల్లి వెంటనే మూత పెట్టండి, ఆవిరికి అర నిమిషంలో కరుగుతుంది. తర్వాత రెండుసార్లు కలిపితే చాలు.

పనీర్ వేయొచ్చా అని ఎవరో ఒకరు అడుగుతారు, అది కరగదు. పులుపుతో విరిచినప్పుడే కాల్షియం చాలావరకు పోతుంది, ఎంత కాల్చినా ముక్క ముక్కగానే ఉంటుంది.

పుంగనూరు రసోయి:

మేము ఇంట్లో బీఫ్‌తోనే చేస్తాము, మన దగ్గర బీఫ్ అంటే ఎనుము మాంసమే కదా. దాంట్లో కొవ్వు తక్కువ, అందుకే ఒట్టి కండతో చేస్తే పొట్టులాగా ఎండిపోతుంది. కసాయి అంగడిలో 800 గ్రాముల కండకు 200 గ్రాముల కొవ్వు వేసి ఒక్కసారే మిషన్‌లో ఆడించమని చెప్తాను. ఆ కొవ్వు కరిగి పెనం మీద పడ్డాక మాంసం దాంట్లోనే వేగుతుంది, నూనె అక్కర్లేదు. మటన్‌కైనా ఇదే లెక్క. మీది కొవ్వంతా తీసేసిన కైమా అయి ఉంటుందని నా అనుమానం.

ఇంకొక చిట్కా: అరకిలో కైమాకు పావు టీస్పూను వంటసోడా ఒక చెంచా నీళ్లలో కలిపి పట్టించి పావుగంట ఉంచితే మాంసం నీళ్లు తక్కువ వదులుతుంది, తొందరగా ఎర్రబడుతుంది. ఎక్కువ వేస్తే మాత్రం సబ్బు రుచి వస్తుంది, జాగ్రత్త.

కైమాను మాంసం ముక్కలాగా లోపల ఎర్రగా వదిలేయకండి. ఆడించినప్పుడు పైన ఉన్న క్రిములు లోపలంతా కలిసిపోతాయి, 71 డిగ్రీలకు చేరేదాకా కాలాలి. పిల్లలు తింటారన్నారు కాబట్టి చెప్తున్నాను. ఆడించిన రోజే వండేయండి.

వేలూరు రోడ్డు పరోటా:

అక్కా, సోడా మాట నిజమే గానీ పెనం సరిగ్గా కాలితే దాని అవసరం రాదు. మొదట లేకుండా చేసి చూడండి.

పెరటాసి భక్తురాలు:

నా ప్రశ్న కూడా దీనికే దగ్గర, వేరేగా పెట్టడం ఎందుకని ఇక్కడే అడుగుతున్నాను. మేము పెరటాసి (సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) నెలంతా మాంసం ముట్టము, దసరా కూడా చాలాసార్లు ఆ నెలలోనే వస్తుంది. మీల్ మేకర్‌తో ఇది కుదురుతుందా?

పాత హార్లెమ్ వాసి:

కుదురుతుందండీ. చిన్న రవ్వలాగా ఉండే మీల్ మేకర్ తీసుకుని, వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, గుడ్డలో వేసి ఆఖరి చుక్క దాకా పిండండి. దాంట్లో కొవ్వు ఉండదు కాబట్టి పెనం మీద రెండు చెంచాల వెన్న కావాలి. మిగతా అంతా ఒకటే.

గ్రీమ్స్‌పేట వంటిల్లు:

అందరికీ చాలా చాలా థాంక్స్. ఈ ఆదివారం కోసం మా అత్తగారి ఇనుప పెనం దించాను, పదేళ్లుగా అటక మీద ఉంది. తుప్పు రుద్ది, నూనె రాసి కాల్చి, మళ్లీ నూనె రాసి, అరకోసిన ఎర్రగడ్డతో రుద్ది, అలా శనివారం సాయంత్రమంతా దానికే పోయింది. మసాలా, సోడా ఏమీ కలపలేదు. 200 గ్రాములు వేసి అణచి, పరోటా తమ్ముడు చెప్పినట్టు ఆగాను. చెయ్యి ఊరుకోలేదు గానీ ఆగాను! తిప్పేసరికి అడుగు ముదురు ఎరుపు, ఇల్లంతా వాసన. చుక్క నీళ్లు లేవు. చీజ్ కూడా మీగడలాగా కలిసిపోయింది.

బ్రెడ్ మాత్రం ఇంకా కుదరలేదు. బేకరీ పాల బ్రెడ్ వాడాను, వెన్న రాసి కాలిస్తే పైన తొందరగా మాడింది, లోపల మెత్తగానే ఉంది, చీజ్ తగిలేసరికి అడుగు మళ్లీ తడిసింది.

పుంగనూరు రసోయి:

పాల బ్రెడ్‌లో చక్కెర ఎక్కువ, అందుకే ముందు మాడుతుంది. బేకరీలో తీపి లేని పొడుగు బన్ను అడగండి, లేకపోతే పావ్ తీసుకోండి. మధ్యకు చీల్చి, లోపలి పక్కకు వెన్న రాసి, ఆ పక్కనే పెనం మీద సన్నమంటన పెట్టండి, గోధుమ రంగు పొర కట్టేదాకా. ఆ పొరే తడిని ఆపుతుంది. బన్ను ముందే కాల్చి పక్కన పెట్టుకుని, కైమా తర్వాత వేయండి. టమోటా ముక్కలు ఉప్పేసి ఐదు నిమిషాలు వంచి నీళ్లు పోనిచ్చాక పెట్టండి. మటన్ కొవ్వు చల్లారితే గడ్డకట్టి అంగిలికి అంటుకుంటుంది, కాబట్టి అందరినీ కూర్చోబెట్టాకే పెనం పొయ్యి మీద పెట్టండి.

గ్రీమ్స్‌పేట వంటిల్లు:

సరే అక్కా, బన్నులకు బేకరీలో ఈరోజే చెప్పి వచ్చాను, డజను. తమ్ముడు వచ్చేలోపు ఇంకా రెండు ఆదివారాలు ఉన్నాయి.