రాసేటప్పుడు శాస్త్రీయ సంగీతం పెట్టుకునేవాళ్లు ఏం వింటున్నారు?

రాసుకునేటప్పుడు చుట్టూ మాటలు వినిపిస్తే నాకు వాక్యం ముందుకు కదలదు, అందుకే చెవుల్లో ఏదో ఒక శాస్త్రీయ సంగీతం పెట్టుకుంటాను. చిక్కేంటంటే గాత్రం అస్సలు పనికిరావడం లేదు. తెలిసిన కీర్తన వస్తే చెయ్యి ఆగిపోయి మనసు చరణంలోకి వెళ్లిపోతుంది, సంగతులు (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులు) లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాను. వాద్యమైతే నయం కదా అని వీణ పెడితే, తాళం లేకుండా సాగే ఆలాపన, తానం నడిచినంతసేపూ బ్రహ్మాండంగా సాగుతుంది, తీరా తని ఆవర్తనం (తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) మొదలయ్యాక మృదంగం మోహరా అనే ముగింపు వరస దగ్గరికొచ్చేసరికి కాలు తాళం వేస్తుంటుంది, రాస్తున్న పేరా గాల్లో కలిసిపోతుంది.

పాశ్చాత్య సంగీతంలో సింఫనీలు నావల్ల కాలేదు. వినీ వినపడనట్టు ఉందని వాల్యూమ్ పెంచుతామా, వెంటనే మొత్తం ఆర్కెస్ట్రా విరుచుకుపడుతుంది. జర్మన్ స్వరకర్త బాఖ్ కీబోర్డు రచనలు మాత్రం కాస్త కుదిరాయి, శబ్దం పెద్దగా ఎగుడుదిగుళ్లు లేకుండా పోతుంది కాబట్టేమో.

దయచేసి 'మోజార్ట్ వింటే తెలివి పెరుగుతుంది' అని మాత్రం చెప్పకండి. 1993లో వచ్చిన ఆ ప్రయోగంలో పది నిమిషాలు విన్న తర్వాత పరీక్ష పెట్టారు, అదీ ఆకారాలను ఊహించే రకం పరీక్ష, ఫలితం కూడా కాసేపే నిలిచింది. రాస్తూ వినడం వేరే సంగతి.

నాకు కావలసింది గంటకు పైగా ఒకే తీరులో సాగే వాద్య సంగీతం. హిందుస్తానీలో విలంబిత్ ఆలాప్ (తాళం లేకుండా నెమ్మదిగా సాగే మొదటి భాగం) వరకే వినేవాళ్లున్నారా? వేణువా, సరోదా? ఇంకో సందేహం, రోజూ అదే రికార్డింగ్ తిప్పితిప్పి వింటే చెవి పట్టించుకోవడం మానేస్తుందా, లేక విసుగొస్తుందా? మొదటి ప్రతి రాసేటప్పుడు ఒకటి, దిద్దేటప్పుడు ఇంకొకటి పెట్టుకునేవాళ్లుంటే అదీ చెప్పండి.