68 డాడ్జ్ డార్ట్ కారు అమ్ముడుపోవట్లేదు, తప్పెక్కడుందో చెప్పండి

నట్టుబోల్టు నాని:
యాడ్ పెట్టి మూడు వారాలైంది. నిన్న రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని నాలుగోసారి తిరగరాశా, లాభం లేదు. 1968 డాడ్జ్ డార్ట్, 225 స్లాంట్ సిక్స్ (పక్కకి వాల్చి బిగించిన ఆరు సిలిండర్ల ఇంజను, 225 ఘనపుటంగుళాలు), ఆటోమేటిక్. ఇంజను దింపి బోరు చేయించా. పిస్టన్లు, రింగులు, బేరింగులు కొత్తవి. గేర్‌బాక్స్, బ్రేకులు, కార్బురేటర్, రేడియేటర్ అన్నీ చేయించా. రసీదులు కలిపితే 9,300 డాలర్లు. 9,500 అడుగుతున్నా, అంటే నా రెక్కల కష్టం ఉచితమే. వచ్చినవాళ్లు నడిపి చూసి బావుందంటారు, మళ్లీ ఫోన్ ఎత్తరు. ఒకాయనైతే 3,500 ఇస్తానన్నాడు. ఒళ్లు మండిపోయింది.

గోదారిగట్టు:
రెండు డోర్లా, నాలుగా?

నట్టుబోల్టు నాని:
నాలుగు. దానికీ దీనికీ ఏంటి సంబంధం?

గోదారిగట్టు:
అదే సంబంధం. పాత బళ్లలో రెండు డోర్లవాటికున్న గిరాకీ నాలుగు డోర్లవాటికి ఉండదు.

స్లాంట్ సిక్స్ బాబాయ్:
ధర సంగతి తర్వాత. ముందు ఏ ఆయిల్ పోశావు నాయనా? ఈ ఇంజన్లలో క్యామ్ నేరుగా ట్యాపెట్ మీద రుద్దుకుంటూ తిరుగుతుంది, మధ్యలో రోలర్ ఉండదు. ఇప్పటి ఆయిల్స్‌లో, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవకూడదని, అరుగుదలని ఆపే జింకు తగ్గించేశారు. అది పోసి నడిపావంటే కొత్త క్యామ్ అరిగిపోతుంది, చేయించిందంతా బూడిదలో పోసిన పన్నీరే. వాల్వు గ్యాపులు చూశావా? ఇంజను వేడి మీద ఇన్‌టేక్ 10 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), ఎగ్జాస్ట్ 20 థౌ. టిక్కుటిక్కుమని కాస్త చప్పుడు ఉండాలి. చప్పుడు లేదంటే గ్యాపు బిగుసుకుపోయినట్టు, వాల్వులు కాలిపోతాయి.

నట్టుబోల్టు నాని:
బాబాయ్, బండి బ్రహ్మాండంగా నడుస్తోంది. నా ప్రశ్న అమ్మడం గురించి.

హెమీ హరి:
నీ యాడ్ వెతికి చూశాను. పైన "ఫుల్లీ రీస్టోర్డ్" అని పెట్టావు. మూడో ఫోటోలో బానెట్ మీద రంగు పెచ్చులూడుతోంది, వెనక సీటు కుట్లు విడిపోయి స్పాంజి కనిపిస్తోంది. దాన్ని రీస్టోర్ అనరు బ్రో. రీస్టోర్ అంటే బాడీ, రంగు, లోపలి బట్టతో సహా ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు ఉండాలి. నువ్వు చేసింది మెకానికల్ రీబిల్డ్.

ఆటోనగర్ అబ్బాయి:
మా బెజవాడ ఆటోనగర్లో ఇంజను దింపి బోరు కొట్టిస్తే ఓవర్‌హాలింగ్ అంటారు. రీబిల్డ్ అంటే బండి మొత్తం విప్పి బిగించడం.

హెమీ హరి:
అక్కడేమంటారో ఇక్కడ కొనేవాడికి అనవసరం.

ఆటోనగర్ అబ్బాయి:
అమ్మేది మనవాడేగా.

హెమీ హరి:
సరే, ఏ పేరైనా పెట్టుకో, ఈ బండి మాత్రం పైన లొటారం, లోన పటారం. ఆ మాటే యాడ్‌లో చెప్పెయ్. మెరిసే బండి కోసం వచ్చినవాడు దీన్ని చూసి మొహం మాడ్చుకుంటాడు, రోజూ నడుపుకునేవాడు సంతోషంగా కొంటాడు. రసీదుల మొత్తం చూసి ధర పెట్టకు. అదే పని రెండు డోర్ల హార్డ్‌టాప్ (కిటికీల మధ్య స్తంభం లేని మోడల్) మీద చేయించి ఉంటే కాస్త తిరిగొచ్చేది.

నట్టుబోల్టు నాని:
ఇంకో సంగతి. మొన్న ఒకాయన బ్రేకులు చూస్తానని డ్రైవర్ వైపు చక్రం విప్పబోయి స్టడ్ (నట్టు ఎక్కే బోల్టు) విరగ్గొట్టాడు. తుప్పుపట్టిన బండి అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

స్లాంట్ సిక్స్ బాబాయ్:
తుప్పు కాదు, తెలియకపోవడం! ఆ ఏళ్ల క్రైస్లర్ బళ్లకి (డాడ్జ్ వాళ్లదే) డ్రైవర్ వైపు నట్లు ఎడమ మర. మామూలుగా బిగించే దిక్కుకి తిప్పితేనే ఊడతాయి. స్టడ్ కొస మీద చిన్న "ఎల్" అక్షరం కొట్టి ఉంటుంది, గ్రీజు తుడిచి చూడు. ఈసారి స్పానర్ నువ్వే పట్టుకో, ఎవరి చేతికీ ఇవ్వకు. ఆయిల్ సంగతి ఇంకా చెప్పలేదు.

మీనాక్షి, ఫ్రీమాంట్:
ఇందాకటి నుంచీ ఎవరూ అడగలేదు. ఏ రాష్ట్రం? టైటిల్, అంటే బండి ఓనరు కాగితం, ఎవరి పేరు మీదుంది?

నట్టుబోల్టు నాని:
కాలిఫోర్నియానే అండీ, శాక్రమెంటో. టైటిల్ క్లీన్. పాత ఓనరు సంతకం పెట్టి ఇచ్చేశాడు.

మీనాక్షి, ఫ్రీమాంట్:
అంటే మీ పేరు మీదకి మార్చుకోలేదన్నమాట. ఎప్పుడు కొన్నారు?

నట్టుబోల్టు నాని:
రెండేళ్లయింది. ఇంజను బయటే ఉంది కదా, నడిచాక చూద్దాంలే అనుకున్నా.

మీనాక్షి, ఫ్రీమాంట్:
తప్పెక్కడుందోనని మీరు యాడ్‌లో వెతుకుతున్నారు, అది టైటిల్‌లో ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్లు టైటిల్ అడిగి ఉంటారు, దాని మీద వేరే పేరు చూసి జారుకుని ఉంటారు. ఇక్కడ కొన్నవాళ్లు 10 రోజుల్లో పేరు మార్పించుకోవాలి. మీరు మానేసినదాని పన్ను, లేటు ఫీజు కొనేవాళ్లు ఎందుకు నెత్తినేసుకుంటారు? ముందు డీఎంవీకి (ఇక్కడి ఆర్టీవో ఆఫీసు) వెళ్లి మీ పేరు మీదకి తెచ్చుకోండి. అమ్మాక 5 రోజుల్లో లయబిలిటీ రిలీజ్ నోటీసు (బండి అమ్మేశాను, ఇక నా బాధ్యత లేదని) పెట్టండి, లేకపోతే వాళ్ల టోలు బిల్లులు మీ ఇంటికొస్తాయి. 1975 దాకా వచ్చిన పెట్రోలు బళ్లకి ఇక్కడ స్మాగ్ (పొగ కాలుష్యం) పరీక్ష లేదు, అదీ యాడ్‌లో రాయండి.

హెమీ హరి:
కరెక్ట్. ఇంకా, పొద్దున్నే చల్లటి ఇంజను స్టార్టయ్యే వీడియో పెట్టు, కట్ చేయకుండా. ఆరు సిలిండర్ల కంప్రెషన్ అంకెలు రాయి. కిందికి దూరి టార్షన్ బార్లు (ముందు చక్రాలకి స్ప్రింగుల్లా పనిచేసే కడ్డీలు) బిగించిన చోటు, వెనక కమాన్‌పట్టీల కొసలు ఫోటో తియ్యి. తుప్పు అక్కడే చూస్తారు.

నట్టుబోల్టు నాని:
సరే. నంబర్ ప్లేటు కూడా పాతదే, నలుపు మీద పసుపు అక్షరాలు. కొత్తది తీసుకుని పెట్టనా?

హెమీ హరి:
ముట్టుకోకు!! డీఎంవీ ఇప్పుడు అమ్మే నకలు కాదుగా? అసలుదైతే బండితో పాటే వెళ్తుంది, దాని కోసమే వచ్చేవాళ్లుంటారు. మొదటి ఫోటోగా అదే పెట్టు. ఈ మాట మొదటే చెప్పొచ్చుగా నాయనా.

నట్టుబోల్టు నాని:
డీఎంవీకి వెళ్లొచ్చా. లేటు ఫీజుతో సహా గుంజారు. కొత్త టైటిల్ పోస్టులో రావాలి, అందాకా యాడ్ తీసేశా. థ్యాంక్స్. బాబాయ్, జింకు ఉన్న ఆయిలే పోశా.

స్లాంట్ సిక్స్ బాబాయ్:
ఏ గ్రేడు?

పాతబండ్ల పాపారావు:
ఇప్పుడే చూశా. అమ్మేశారా? లేకపోతే ముందు బంపర్ ఒక్కటి విడిగా ఇస్తారా?