క్లచ్‌తోపాటు ఫ్లైవీల్ కూడా మార్చాలి: డ్యూయల్ మాసా, సింగిల్ మాసా?

నమస్కారమండీ. 1,30,000 కిలోమీటర్లు తిరిగిన మా డీజిల్ కారులో క్లచ్ జారుతోంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుపే తప్ప వేగం పెరగదు. విజయవాడ ఆటోనగర్‌లో గేర్‌బాక్స్ దించి చూస్తే ఫ్లైవీల్ (ఇంజిన్‌కూ క్లచ్‌కూ మధ్య తిరిగే బరువైన చక్రం) మీద వేడికి పడ్డ నీలం మచ్చలు, అంచున గ్రీజు కారిన జాడ. చేత్తో తిప్పితే కొంత కదలిక ఉండడం మామూలేనట, కానీ ఇది పక్కలకూ ఊగుతోంది.

ఇది లోపల స్ప్రింగులుండే డ్యూయల్ మాస్ రకం. లేతు మీద చెక్కించి వాడేద్దామని మెకానిక్ అన్నారు. నేను ఒప్పుకోలేదు; పైన నునుపు చేసినంత మాత్రాన లోపలి స్ప్రింగులు బాగుపడవు కదా! ఇప్పుడు సింగిల్ మాస్ కిట్ (లోపల స్ప్రింగులు లేని, ఒకే ముక్క ఫ్లైవీల్) వేయించుకోమంటున్నారు. ఖర్చు బాగా తగ్గుతుంది, చెడిపోయే భాగాలూ తక్కువే. కానీ డీజిల్ ఇంజిన్ అదురునంతా అప్పుడు క్లచ్ ప్లేటులోని చిన్న స్ప్రింగులే ఆపాలి. ఆగనిది గేర్‌బాక్స్‌కే చేరుతుంది.

డీజిల్ కారుకు ఇలా మార్పించినవారు ఎవరైనా ఉన్నారా? ట్రాఫిక్‌లో రెండో గేరులో నెమ్మదిగా వెళ్తుంటే అదురు ఎలా ఉంది? న్యూట్రల్‌లో గేర్‌బాక్స్ గలగల పెరిగిందా? కారును ఇంకొన్నేళ్లు అమ్మే ఉద్దేశం లేదు. రిలీజ్ బేరింగు, క్రాంక్ వెనక ఆయిల్ సీలు ఎలాగూ మార్పిస్తున్నాను. మళ్లీ గేర్‌బాక్స్ దించే కూలి మాత్రం పెట్టుకోలేను.