ఎల్‌కేజీ పిల్లల చేతికి పెన్సిల్ ఎప్పుడు?

బడిగంట
వచ్చే జూన్‌కి ఎల్‌కేజీ, యూకేజీ పాఠ్యప్రణాళిక తిరగరాయాలి. తరగతికి 24 మంది, ఒక టీచరు, ఒక ఆయమ్మ. బడి 9 నుంచి 12:30 దాకా. ఇంగ్లిష్ మీడియం, ఇళ్లలో మాట తెలుగు. ఇప్పుడు నడుస్తున్నది ఇదీ: జులై నుంచే నాలుగు గీతల పుస్తకంలో ఏబీసీడీలు, డిసెంబరుకి అ నుంచి అః, ఏడాది చివరికి 1 నుంచి 100 రాత. 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 3–6 ఏళ్లవాళ్లకి అసలు పాఠ్యపుస్తకమే వద్దంటోంది. తల్లిదండ్రులేమో నోట్‌బుక్‌లో పేజీలు లెక్కపెడుతున్నారు. ఎల్‌కేజీలో రాత పూర్తిగా తీసేయాలా? సూటిగా చెప్పండి.

గుజ్జనగూళ్లు
తీసేయండి. గీతలు గీయడంలో పిల్లలకి ఒక వరస ఉంటుంది. సుమారుగా 3 ఏళ్లకి గుండ్రం, 4కి కూడిక గుర్తు, నాలుగున్నరకి చతురస్రం, 5కి త్రిభుజం వస్తాయి. అంటే ఏటవాలు గీత అన్నిటికన్నా ఆలస్యం. మూడున్నరేళ్ల పిల్లకి ఏ, కే, ఎమ్, ఎక్స్ రాయమంటే అన్నీ ఏటవాలు గీతలే. రాయలేక పిడికిలితో పెన్సిల్ పట్టి, భుజం బిగించి, కాగితం చిరిగేలా నొక్కుతుంది. ఆ పట్టు ఒకసారి అలవాటైతే రెండో తరగతిలో మాన్పించడం మహాకష్టం.

రాతకు బదులు పిండి ముద్ద పెట్టండి. గోధుమపిండి 2 కప్పులు, ఉప్పు 1 కప్పు, నూనె 1 చెంచా, నీళ్లు ముప్పావు కప్పు కొంచెం కొంచెంగా. ఆరుగురికి సరిపోతుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో వారం నిలుస్తుంది. వానాకాలంలో ఉప్పు తేమ లాక్కుని జిగురవుతుంది, అప్పుడు పొడిపిండి చల్లి మళ్లీ పిసకాలి. ఎవరైనా నోట్లో పెట్టుకుంటున్నారేమో ఆయమ్మ ఒక కన్నేసి ఉంచాలి, ఉప్పు చాలా ఎక్కువ.

నాలుగుగీతలు
పిండి ముద్దలు బాగానే ఉన్నాయి గానీ, ఇంట్లో ఒక్క పుస్తకం కూడా లేని పిల్లల సంగతేమిటి? కథల పుస్తకాలు చదివి వినిపించే ఇంట్లో పిల్లలకి బడిలో అక్షరం ఆలస్యమైనా నష్టం లేదు. మిగతావాళ్లకి అక్షరం కనిపించేది బడిలోనే. ఆ కాస్తా తీసేసి ‘ఆటపాట’ అంటే ఒకటో తరగతిలో పాఠం పరుగులు తీస్తుంటే వీళ్లు వెనకబడతారు. పైగా 24 మందికి ఒక టీచరుతో ఆటపాట అంటే సగం రోజులు పిల్లల్ని వదిలేయడమే. రోజుకు 15 నిమిషాలు సూటిగా అక్షరాలు నేర్పడం పాపమేమీ కాదు.

గుజ్జనగూళ్లు
నేర్పడం వద్దనలేదండీ. రాయించడం వద్దన్నాను.

ఓనమాలు
ఇద్దరూ ‘అక్షరం’ అంటూ రెండు వేర్వేరు పనుల గురించి వాదించుకుంటున్నారు. కన్ను గుర్తుపట్టడం ఒకటి, చెయ్యి రాయడం ఒకటి. రెండింటికీ ఒకే వరస పెట్టడమే మన ప్రణాళికల్లో అసలు లోపం.

కంటి వరస ముందు చూద్దాం. అ ఆ ఇ ఈ తో మొదలుపెడితే నెల తిరిగేసరికి ఋ, ౠ దగ్గర ఉంటాం, అయినా పిల్ల చదవగలిగిన మాట ఒక్కటీ ఉండదు. ల, క, ప, డ తో మొదలుపెట్టి చూడండి. నాలుగు అక్షరాలకే కల, పలక, పడక, కడప వచ్చేస్తాయి. తర్వాత గ, ద, ర, వ చేరిస్తే గద, గడప, వల, వడ, పడవ, వరద. రెండు వారాలకు రెండు అక్షరాలు, మధ్యలో పాతవాటితో ఆట. ఇది ఎల్‌కేజీ రెండో సగంలో హాయిగా సాగుతుంది. యూకేజీలో దీర్ఘం, గుడి చేరగానే అవే అక్షరాలు పాప, కాకి, గాలి అవుతాయి. ఒక జాగ్రత్త: ప, వ రెండూ ఒకే వారం ఇవ్వొద్దు. ప, ష, ఫ కూడా అంతే. కంటికి కవలల్లా ఉంటాయి.

చేతికి దీనికి తలకిందులు. ప వచ్చిన చెయ్యి ష, ఫ తేలిగ్గా పట్టేస్తుంది కాబట్టి రాతలో వాటిని పక్కపక్కనే పెట్టాలి. మన అక్షరాలకు గుండ్రమే ప్రాణం, అది 3 ఏళ్లకే వస్తుంది. ఇబ్బందంతా తలకట్టు దగ్గర. ఆ చిన్న ఏటవాలు గీత ఏ అక్షరం మీదైనా తూలిపోతుంది. మొదట తలకట్టు లేకుండా అక్షరం ఒంటిని మాత్రమే దిద్దించి, చెయ్యి కుదిరాక తలకట్టు పెట్టించండి. ట, జ, బ, ల లాంటి వాటికి ఆ బాధే లేదు.

దిద్దడం కాగితం మీదే అని ఎవరన్నారు? వీధిబడుల్లో ఇసుకలో వేలితోనే దిద్దించేవారు. 18వ శతాబ్దం చివర్లో మద్రాసు ఎగ్మూరు అనాథ బడి నడిపిన ఆండ్రూ బెల్ ఆ ఇసుక పద్ధతినే తన బడిలో పెట్టుకుని, తర్వాత ఇంగ్లండుకు మోసుకెళ్లాడు. మనం మాత్రం అక్షరాభ్యాసం రోజున బియ్యంలో ఒక్కసారి దిద్దించి, మర్నాడే పెన్సిల్ చేతికిస్తాం!

వరసగా చెప్పాలంటే జూన్ నుంచి ఇసుక పళ్లెం (అంగుళం మందం, అంతకంటే ఎక్కువైతే గాడి పూడిపోతుంది). దసరా తర్వాత గోడకు బిగించిన నల్లబల్ల మీద సుద్దతో. నిలువు పలక మీద రాస్తే మణికట్టు దానంతటదే వెనక్కి వంగి సరైన తీరుకు వస్తుంది. సంక్రాంతి తర్వాత అంగుళం పొడవు క్రేయాన్ ముక్కలు. ముక్క పొట్టిది కాబట్టి పిడికిలి పట్టదు, మూడు వేళ్లే పడతాయి. కొత్త క్రేయాన్లు కొనగానే విరిచేయమంటే టీచర్లు బాధపడతారు, విరిచేయండి. పెన్సిల్ యూకేజీలో.

బడిగంట
పలక, బలపం సంగతి?

ఓనమాలు
పలక మంచిదే, గరుకుదనం వల్ల చేతికి పట్టు తెలుస్తుంది. కానీ బలపం తినే పిల్లలుంటారు. అది ఒట్టి చేష్ట అనుకుని కొట్టకండి, రక్తహీనత ఉన్న పిల్లల్లో ఇలాంటి అలవాటు కనిపిస్తుంది. ఇంటివాళ్లకి చెప్పి రక్తపరీక్ష చేయించమనండి.

చింతగింజ
లెక్కల గురించి ఎవరూ మాట్లాడలేదు. 1 నుంచి 100 రాత తీసేసి, ఏడాది చివరికి ‘డబ్బాలోంచి 7 మూతలు తీసి ఇవ్వు’ అంటే సరిగ్గా ఇవ్వగలగడం పెట్టుకోండి. వంద దాకా పాడే పిల్లలు కూడా ఇక్కడ తప్పుతారు. ఒక్కో వస్తువును తాకుతూ ఒక్కో అంకె చెప్పరు, చివరి అంకే మొత్తం అని వాళ్లకి తెలియదు.

పైకి లెక్కపెట్టడం తెలుగులో మొదలుపెట్టండి. ఇంగ్లిష్‌లో థర్టీన్, థర్టీ చెవికి ఒకేలా వినబడి తికమక పెడతాయి. మన పదమూడు, ముప్పై కలవవు. ఇరవై ఒకటి, ఇరవై రెండు అనగానే పదులూ ఒకట్లూ మాటలోనే తెలిసిపోతాయి.

నా పేరు చింతగింజే అయినా, 3 ఏళ్లవాళ్లకి చింతగింజలు ఇవ్వొద్దు. ముక్కులో దూర్చుకుంటారు. శనగలు ఇంకా ప్రమాదం, తడి తగిలితే లోపలే ఉబ్బుతాయి. పెద్ద సీసా మూతలు వాడండి.

నాలుగుగీతలు
ఓనమాలు గారి వరసకు ఒప్పుకుంటాను, ఇసుక పళ్లెంతో సహా. కానీ ఇంగ్లిష్ ఫోనిక్స్ (అక్షరాల ధ్వనులు కలిపి మాట చదివించే పద్ధతి) కూడా అదే ఏడాది పెట్టకండి. మన టీచర్లు బీ ధ్వనిని ‘బ’ అని, టీ ధ్వనిని ‘ట’ అని అకారం కలిపి పలుకుతారు. బ, ఆ, ట కలపమంటే పిల్ల ‘బాట’ అంటుంది, బ్యాట్ అనదు. తప్పు పిల్లది కాదు. తెలుగు చెవికి మాట విరిగేది అక్షరం దగ్గరే, ప-ల-క అని చప్పట్లు కొడుతూ. ఎల్‌కేజీ ఇంగ్లిష్‌ని పాటలకీ, ‘సిట్’, ‘కమ్’ లాంటి చేసి చూపే మాటలకీ వదిలేయండి.

ఆటపాట కోసం తరగతిలో ఒక్కో మూల ఒక్కో ఆటకి పెట్టే ఆటమూలల మీద మాత్రం నా అనుమానం అలాగే ఉంది.

గుజ్జనగూళ్లు
మూలలు విఫలమయ్యేది ఎక్కువగా సామాను చాలక. నాలుగు మూలలు, మూలకు ఆరుగురు. చెక్కదిమ్మలు ఆరుగురికి 80కి తగ్గితే కొట్లాటే. ప్రతి మూలలో ఆరు మెడపట్టీలు వేలాడదీయండి, పట్టీ మిగల్లేదంటే మూల నిండినట్టు. టీచరు రోజూ ఒకే మూలలో కూర్చుని అక్షరాల పని చేయిస్తారు, మిగతా మూడూ ఆయమ్మ చూస్తారు. నాలుగు రోజుల్లో 24 మందీ టీచరు ముందుకు వస్తారు. మీరడిగిన 15 నిమిషాలు అక్కడే ఉన్నాయి. ఆరుబయట ఆట మాత్రం మార్చి నుంచి 9 గంటలకే పెట్టేయండి, 11కి ఎండ నిలవనివ్వదు.

బడిగంట
బాగుంది. అయితే ఏదో ఒక నోట్‌బుక్ ఇంటికి వెళ్లకపోతే ఫీజు వాపసు అడుగుతారు. పైగా పక్క బడి ఒకటో తరగతికి రాత పరీక్ష పెడుతోంది అంటారు.

చింతగింజ
ప్రవేశానికి పిల్లల్ని పరీక్షించడం 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం నిషేధం. మొదటి సమావేశంలోనే ఆ మాట చెప్పండి.

ఓనమాలు
నోట్‌బుక్ పంపండి, గీతల్లేనిది. నెలకు రెండు బొమ్మలు అందులో అంటించి తేదీ వేస్తే జూన్ గీతకూ మార్చి గీతకూ తేడా ఇంటివాళ్లే చూసుకుంటారు. యూకేజీలో తెలుగు రాతకు కూడా ఆ నాలుగు గీతల పుస్తకం వద్దు. అది ఇంగ్లిష్ చిన్నబడి అక్షరాల కొలత, అందులో మన వత్తుకు చోటుండదు. ‘అమ్మ’ రాసినప్పుడు కింది మకారం తర్వాతి వరసలోకి దిగిపోతుంది. అంగుళం ఎడంతో ఒంటి గీత గీయించండి.