పాల కేంద్రంల కొత్త మిషన్ పెట్టినం, ఊరంత అనుమానపడుతున్నది. అధ్యక్షుడు ఎట్ల నడిపించాలె?

అడిగింది: మునుగోడు పాడిరైతు

అందరికి నమస్తే. మాది మునుగోడు దిక్కు ఊరు. ఈ మధ్యనే నన్ను పాల సొసైటీకి అధ్యక్షుడిగ ఎన్నుకున్నరు. ఇప్పటిదాక మా కేంద్రంల గొట్టంల పాలకు యాసిడ్ కలిపి వెన్న శాతం చూసే యాసిడ్ పరీక్షనే నడిచింది. సెక్రటరీ బాబాయి గొట్టం చూసి రిజిస్టర్ల ఏం రాస్తే అదే లెక్క, ఎవ్వలు ఎదురు మాట్లాడకపోతుండె. ఇప్పుడు కొత్త సెట్టు వచ్చింది: కరెంటు కాంటా, పాలను పరీక్ష చేసే అనలైజర్, కంప్యూటర్, ప్రింటర్. పాలు పోయంగనే ఫ్యాట్ (వెన్న శాతం), ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాకుండ పాలల్ల ఉండే గట్టి పదార్థం), రేటు స్లిప్పు మీద వస్తున్నయి, ఫోన్‌కు మెసేజ్ పోతున్నది. పదిహేను రోజుల బిల్లు ఇగ చేతికి కాదు, నేరుగ బ్యాంకు ఖాతాల పడతది.

మిషన్ పని చేస్తున్నది, పంచాయితీ అంత మనుషుల కాడ. "పొద్దుగాల ఫ్యాట్ ఆరు చూపెట్టింది, మాపటికి ఏడు చూపెట్టింది. అదే బర్రె, అదే దాణా. గంతల ఎట్ల మారుతది? మిషన్ల ఏదో చేస్తున్నరు" అని రోజు లొల్లి. కొంతమంది రోడ్డు మీద బండి ఆపే ప్రైవేటు ఏజెంటుకు పోస్తున్నరు. ఆయన నగదు ఇస్తడు, ఫ్యాట్ మాటనే ఎత్తడు. సెక్రటరీ బాబాయేమో "నాతోటి ఏం పని ఇగ, చదువుకున్న పోరగాండ్లను పెట్టుకోండ్రి" అని మొహం ముడుచుకొని కూసుంటున్నడు.

పాతది ఒక్కసారే బంద్ చేయాల్నా? బాబాయిని పక్కకు పెట్టాల్నా? మిషన్ సంగతి కంపెనీ వాళ్లు చూస్తరు. జనాన్ని వెంట తీసుకపోయేది ఎట్లనో చెప్పండ్రి.

జవాబు: దేవరకొండ తమ్ముడు

అన్నా, నేను హైదరాబాద్ల సాఫ్ట్‌వేర్ పని చేస్త. నా మాటైతే ఒక తేదీ పెట్టి రిజిస్టర్ మూసేయండి. మా ఆఫీసుల కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు పాతది తెరిచి ఉన్నన్ని రోజులు అందరు పాతదాంట్లనే పని చేసిన్రు, మూసేసిన వారానికి కొత్తది వచ్చేసింది. రెండు దారులుంటే మనిషి తెలిసిన దారినే పోతడు. మీరు మెత్తగుంటే సంవత్సరమైనా ఇట్లనే సాగుతది.

జవాబు: పాత సూపర్‌వైజర్, నల్లగొండ

అధ్యక్షుడు గారూ, పాల సేకరణల సూపర్‌వైజర్‌గ చేసి రిటైర్ అయిన. మీ ప్రశ్న చదివినంక రాయకుండ ఉండలేకపోతున్న, ఎందుకంటే ఇట్లాంటి కాడనే మంచి సొసైటీలు కూలిపోతుంటె చూసిన.

ముందు ఆ ఆరు, ఏడు సంగతి చెప్త. మిషన్ తప్పు చెప్తలేదు. సాయంత్రం అయిదింటికి పిండి, మళ్ల పొద్దుగాల ఆరింటికి పిండితే నడుమ పదమూడు గంటలు. పొద్దుగాల నుంచి సాయంత్రానికి పదకొండు గంటలే. ఎక్కువ సేపు ఆగిన పొదుగుల పాలు ఎక్కువుంటయి, వెన్న శాతం తగ్గుతది. ఇగ దూడ సంగతి. మొదటి ధారల వెన్న తక్కువ, చివరి ధారల ఎక్కువ. దూడను ఆఖరుకు విడిచేటోళ్ల క్యాన్లకు పల్చటి పాలే వస్తయి, చిక్కటివి దూడ కడుపులకు పోతయి. ఇదంత మొదటి నుంచి ఉన్నదే. అయితే మీ బాబాయి లాంటోళ్లు గొట్టం మీద గీత చూసి, నిన్నటి లెక్క యాదికి పెట్టుకొని, పొద్దుకు మాపుకు దగ్గరదగ్గర రాసేటోళ్లు. దాంట్ల మోసం లేదు, మనిషి పద్ధతి అది. రోజూ ఒక్కతీరు లెక్క చూసి చూసి జనం దాన్నే నిజమనుకున్నరు. ఇప్పుడు మిషన్ ఉన్నదున్నట్టు చూపెడితే మోసం లెక్క కనపడుతున్నది. ఇది కంపెనీ ఇంజనీరు వచ్చి చెప్తే ఎవ్వలు నమ్మరు. మీ బాబాయి నోటి నుంచే రావాలె.

అందుకే ఆయనను పక్కకు పెట్టే ఆలోచన మానుకోండ్రి. ఆయన బాధ కంప్యూటర్ రాదని కాదు. ఇన్నేండ్లు ఊరు ఆయన చేతిరాతను నమ్మింది, ఒక్క రోజుల దాన్ని స్లిప్పుకు అప్పజెప్పమంటున్నరు. దానికి బదులు ఆయనకు ఏమిస్తున్నరో చెప్పండ్రి. నేనైతే యాసిడ్ పరీక్షను తీసెయ్య, దాని జాగ మారుస్త. స్లిప్పు మీద అనుమానం ఉన్నోళ్లు అక్కడికక్కడ అడగాలె, వాళ్ల ముంగటనే, అదే శాంపిల్‌ను బాబాయి యాసిడ్‌తో పరీక్ష చేయాలె. యాసిడ్ పది మిల్లీలీటర్లు, పాలు 10.75, అమైల్ ఆల్కహాల్ ఒకటి. గొట్టం తిప్పి, వేడినీళ్లల పెట్టి, అడిగినోళ్లకే చూపియ్యాలె. రోజూ చేసే కూలి పని తగ్గి, తీర్పు చెప్పే పని ఆయన చేతికొస్తది. ఆ మర్యాద దక్కినంక ఆయననే మిషన్ తరఫున మాట్లాడుతడు.

దేవరకొండ తమ్ముడు చెప్పిన తేదీ మాట నాకు నచ్చింది, తేదీ ఉండాల్సిందే. కాని ఆఫీసుల కొత్త పద్ధతి తప్పితే ఉద్యోగి జీతం తగ్గది. ఈడ ఫ్యాట్ ఒక్క పాయింటు తగ్గితే ఆ ఇంటికి ఆ పూట పైసలు తగ్గుతయి. నేర్చుకునే రోజులల్ల వచ్చే నష్టం ఎవ్వలు మోస్తరన్నది ముందే తేల్చాలె. నా సలహా ఏందంటే ఒక్క బిల్లు కాలం రెండు పరీక్షలు పక్కపక్కన నడపండ్రి, దేంట్ల ఎక్కువొస్తే దాని మీదనే పైసలు కట్టియ్యండ్రి. సొసైటీ మిగులుల కొంత పోతది, పోనియ్యండ్రి. ఎంతవరకు పోవచ్చునో పాలకవర్గం తీర్మానంల రాయించి సర్వసభ్య సమావేశంల చదివియ్యండ్రి. రైతు మీద భారం పడకుండ సంఘం మోస్తున్నదని తెలిసిన రోజు సగం లొల్లి సల్లబడతది. పదిహేనో రోజు చెప్పిన మాట ప్రకారం రిజిస్టర్ మూసేయండ్రి, ఒక్క రోజు కూడ పొడిగించొద్దు.

మిషన్‌ను కంపెనీకి వదిలేస్తమన్నరు, అది మాత్రం ఒప్పుకోను. రోజు ఏం చేస్తే సరిగ చూపెడతదో అధ్యక్షునికి తెలిసుండాలె. అప్పుడే పిండిన పాలల్ల నురుగుంటే మిషన్ల గాలి బుడగలు చొరబడి లెక్క తప్పుతది, నురుగు దిగేదాక ఆగాలె. క్యాన్ అడుగు నుంచి మీదికి కలిపినంకనే శాంపిల్ తీయాలె. ఆవుకు, బర్రెకు సెట్టింగు వేర్వేరు, బర్రె పాలు ఆవు సెట్టింగుల పోస్తే వచ్చే లెక్కకు అర్థం లేదు. పూట అయిపోయినంక గొట్టాలు గోరువెచ్చని నీళ్లతోటి, వాళ్లిచ్చిన మందుతోటి కడగకపోతే లోపల పొర పట్టి రోజురోజుకు తేడా పెరుగుతది. ఇవన్ని గోడ మీద తెలుగుల పెద్దగ రాయించండ్రి, పోసేటోళ్లు కూడ చదవాలె. కడిగినవా లేదా అని అడిగే హక్కు వాళ్లకుండాలె.

ఇంకొక మాట. గుజరాత్ దిక్కు ఆనంద్‌ల అమూల్ పాల సంఘం 1946ల పుట్టింది, ఇంజనీరు కురియన్ గారు అక్కడికి పోయింది 1949ల. యంత్రాల తెలివి ఆయనది, నిజమే. కాని ఊర్లు తిరిగి రైతులను కూడగట్టిన త్రిభువన్‌దాస్ పటేల్ గారు ముందు నుంచే ఉండిన్రు. రైతుల నమ్మకం ఆయన కాడ ఉండె కాబట్టే కురియన్ గారి పని నిలబడ్డది. మీ ఊరికి మిషన్ వచ్చింది, ఇగ త్రిభువన్‌దాస్ గారు చేసిన పని మీరు చేయాలె.

జవాబు: సంఘం అక్క, అచ్చంపేట

సార్ మంచిగ చెప్పిన్రు. ఒక్కటి నేను కలుపుత. మహిళా సంఘాల లెక్కలు ఫోన్లకు ఎక్కినప్పటి నుంచి చూస్తున్న. అన్నా, మీ ఊర్ల పాలు పిండేది ఎవ్వలు, సొసైటీల పేరు ఎవ్వలది? చానా ఇండ్లల్ల పిండేది ఆడామె, సభ్యత్వం ఆయనది, మెసేజ్ పోయేది కొడుకు ఫోన్‌కు. చేతికి నగదు ఇచ్చిన రోజులల్ల పాలు పోసినామెనే బిల్లు తెచ్చుకునేది, ఉప్పు పప్పుకు, పిల్లల ఫీజుకు ఆమె చేతిల నాలుగు పైసలు ఆడేటియి. ఖాతాకు మారంగనే అవి ఆమె చేతిలకెల్లి జారిపోతయి. లొల్లి పెట్టేటోళ్లల్ల ఆడోళ్లు ఎక్కువుంటే కారణం ఫ్యాట్ కాకపోవచ్చు, ఒక్కసారి కూసోబెట్టి అడగండి. మగోళ్లు లేని మీటింగ్‌ల అడగండి, అప్పుడే చెప్తరు.

ఖాతా ఆమె పేరు మీదికి మార్చే అవకాశం ఇయ్యండి. స్లిప్పు తెలుగుల అచ్చు అయ్యేటట్టు కంపెనీని పట్టుబట్టి అడగండి. వేలిముద్ర మీద పైసలు తీసుకునే కాడ ఇంకో తిప్పలున్నది. గడ్డి కోసి, పెండ తీసి వేళ్లు అరిగినోళ్లకు ముద్ర పడదు, బ్యాంకు మిత్ర (ఊర్ల పైసలిచ్చే బ్యాంకు మనిషి) కాడ రెండు మూడు తాపలు పెట్టి ఉత్త చేతులతో మళ్లిపోతరు. అసుంటోళ్ల పేర్లు ముందే రాసుకొని, ఏటీఎం కార్డు ఇప్పియ్యనీకి బ్యాంకు మేనేజర్ తోటి మీరే మాట్లాడండి. ఏజెంటు నగదు ఇస్తడని పోయేటోళ్లు ధర కోసం పోతలేరు, పైసలు చేతిలకు వస్తయని పోతున్నరు.

మునుగోడు పాడిరైతు

అక్కా, మా ఊర్ల సభ్యులల్ల ఆడోళ్ల పేర్లు చానా తక్కువ, పోసే లైన్ల మాత్రం వాళ్లే ఎక్కువ. ఈ లెక్క నాకు తట్టనే లేదు. ఈ వారమే కూసోబెడతం. సార్, బాబాయితోటి మీరు చెప్పినట్టే మాట్లాడిన. యాసిడ్ సామాను మళ్ల కడిగి పెట్టిండు. ఒక్కటే అడిగిండు, దాణా అప్పులు, అడ్వాన్సులు తన పాత బుక్కుల వెనక పేజీలల్ల ఉన్నయంట, అవి ఏం కావాలె అని.

పాత సూపర్‌వైజర్, నల్లగొండ

మంచి ప్రశ్న అడిగిండు, ఆయనకు మనసున్నది. కంప్యూటర్ల కోతలు ఎక్కించే చోటు ఉంటది. కాని ఎక్కించేముందు ఒక్కొక్క ఇంటోళ్లను పిలిచి, బాబాయి బుక్కు చదివి వినిపించి, ఇద్దరు ఒప్పుకున్న బాకీనే ఎక్కియ్యండ్రి, పక్కన సంతకం తీసుకోండ్రి. చెప్పకుండ కోత పడ్డ మొదటి స్లిప్పుతోటి ఇప్పటిదాక కట్టుకున్న నమ్మకమంత పోతది. పాస్‌వర్డ్ బాబాయి కాడ ఒకటి, పాలకవర్గంల ఇంకొకరి కాడ ఒకటి ఉండనియ్యండ్రి. బిల్లు అయినప్పుడల్ల మొత్తం లెక్క కాగితం మీద తీసి ఫైలుల పెట్టండ్రి. పాత బుక్కులు ఆడిట్ అయ్యేదాక బీరువాలనే ఉండాలె, తాళం ఆయన కాడనే ఉండనియ్యండ్రి.